ప్రహరీ పక్కన డురంటా ఎందుకండి, వాక్కాయ పెట్టుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మీ పేపర్ ఆదివారం అనుబంధంలో ప్రహరీ గోడ పక్కన అందం కోసం పెంచుకునే మొక్కల గురించి ఒక పేజీ మొత్తం వేశారు కదా, గోల్డెన్ డురంటా, ఫైకస్, అకాలిఫా, నూరువరహాలు, క్రోటన్లు, ఫోటోలతో సహా బాగానే ఇచ్చారు, కానీ పేజీ అంతా వెతికినా వాక్కాయ పేరు లేదు. గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళ పెరట్లో, కొబ్బరి తోటల గట్ల మీద కంచెకి పెట్టుకునే మొక్క అది. పూలు పూస్తుంది, కాయలు కాస్తుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, నీళ్ళు పెద్దగా అడగదు. ఇన్ని ఉన్న మొక్కకి మన తెలుగు పేపర్లో అందం మొక్కల పేజీలో చోటు లేకపోవడం నాకు బాధ అనిపించింది, అందుకే రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది, స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే వంట గురించి రాసింది కత్తిరించండి, పెంచే పద్ధతి మాత్రం దయచేసి ఉంచండి.

ముందు అందం సంగతి చెప్తాను. వాక్కాయ అనగానే అందరికీ పప్పే గుర్తొస్తుంది, మొక్క ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పగలిగేవాళ్ళు ఇప్పుడు తక్కువైపోయారు. ఆకు మందంగా, ముదురు ఆకుపచ్చలో నిగనిగలాడుతూ ఉంటుంది, ఎండాకాలంలో కూడా మోడైపోదు. మాఘం ఫాల్గుణం వచ్చేసరికి కొమ్మల చివర్న గుత్తులు గుత్తులుగా పూలు వస్తాయి, తెల్లగా, ఐదు రేకులతో, ఇంచుమించు సన్నజాజి పువ్వులాగే ఉంటాయి, కాడ వైపు లేత గులాబీ రంగు, వాసన కూడా మెత్తగా బాగుంటుంది. ఎండలు ముదిరేసరికి పిందెలు పడతాయి, వానలు మొదలయ్యేసరికి కాయలు రంగు తిరుగుతాయి. అసలు అందం ఆ రోజుల్లో చూడాలండి, ఒకే గుత్తిలో ఒక కాయ లేత ఆకుపచ్చ, పక్కది తెలుపు మీద గులాబీ చార, ఇంకోటి పూర్తి ఎరుపు, బాగా పండిపోయింది నల్లటి ఊదా రంగు, ఇవన్నీ ఆ ముదురు ఆకుల మధ్యన. డబ్బు పెట్టి పెయింట్ చేయించిన గోడ కూడా దాని ముందు వెలవెలబోతుంది. ఇంకేం అందం కావాలి చెప్పండి!

ఇప్పుడు కాలనీల్లో ఎక్కడ చూసినా గోల్డెన్ డురంటానే. పసుపు ఆకు, కత్తెర పెట్టి బాక్సులా కట్ చేస్తే చక్కగా కనిపిస్తుంది, కాదనను. కానీ అది అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క, దాని కాయలు విషం. ఎప్పటికప్పుడు కత్తిరిస్తే కాయలు రావు కాబట్టి చాలామందికి ఆ సంగతి తెలీదు, కత్తిరించడం మానేసిన చోట మాత్రం పసుపు పూసల దండల్లా కాయలు వేలాడతాయి, చిన్నపిల్లలకి అవి చూడగానే నోట్లో పెట్టుకోవాలనిపిస్తుంది. పచ్చగన్నేరు సంగతి చెప్పక్కర్లేదు, దాని కాయ ఎంత ప్రమాదమో పల్లెటూళ్ళలో అందరికీ తెలుసు, అయినా స్కూళ్ళ కాంపౌండ్ల పక్కన కూడా కంచెగా పెట్టేస్తున్నారు. ఇక కోనోకార్పస్ అనే విదేశీ మొక్క. త్వరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది అని తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ రోడ్ల మధ్యన కిలోమీటర్ల కొద్దీ నాటారు, తర్వాత ఇబ్బందులు బయటపడి తెలంగాణ ప్రభుత్వమే ఇక నాటొద్దని చెప్పింది, 2023లో గుజరాత్ కూడా వద్దంది. ముందు నాటడం, తర్వాత పీకడం, రెండింటికీ ఖర్చు జనం డబ్బే కదండి. వందల ఏళ్ళుగా మన నేలలో, మన ఎండలో పెరిగిన మొక్క చేతిలో ఉండగా ఈ ప్రయోగాలన్నీ దేనికి అనేది నా ప్రశ్న.

ఇక్కడ ఒక అనుమానం చాలామంది అడుగుతారు, అది కూడా తీర్చేస్తాను. వాక్కాయ కాయ తుంచినా కొమ్మ విరిచినా తెల్లటి పాలు కారతాయి, గన్నేరుకీ కారతాయి, మరి ఇది విషం కాదా అని. అనుమానం మంచిదే. ఎందుకంటే నిజంగానే వాక్కాయ, గన్నేరు, పచ్చగన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు అన్నీ ఒకే కుటుంబం. కానీ ఈ కుటుంబంలో వాక్కాయ కాయని మనం తరతరాలుగా పచ్చిగానూ పండుగానూ తింటున్నాం, అందులో భయం లేదు. తినేది కాయ మాత్రమే, ఆకులూ కొమ్మలూ మందులని చెప్పి కషాయాలు కాచుకోకండి. ఇంకా ఒక మాట, పాలు కారే మొక్కలన్నీ ఒకటే అనుకుని పిల్లలు ఏదో ఒకటి కోసుకుని తినేయకుండా, ఇంట్లో వాక్కాయ ఉంటే పిల్లలకి ఇది వాక్కాయ, అది గన్నేరు అని ఆకు చూపించి పువ్వు చూపించి నేర్పాలి. ముల్లు కూడా ఒక గుర్తు, గన్నేరుకి ముళ్ళుండవు, వాక్కాయకి ఆకుల దగ్గర జంటగా గట్టి ముళ్ళుంటాయి.

ఇప్పుడు పెంచడం. ఇది కొంచెం ఓపిగ్గా చెప్తాను, ఎందుకంటే నెట్లో వీడియోలు చూసి గింజలు వేసి మొలవలేదని వదిలేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాక్కాయ గింజకి ఆయుష్షు తక్కువ. మిరప గింజల్లా ఎండబెట్టి డబ్బాలో దాచి వచ్చే ఏడు వేద్దాం అంటే కుదరదు. బాగా నల్లగా పండిన కాయలు తీసుకుని, పిసికి గింజలు కడిగి, నీడలో ఒక పూట ఆరబెట్టి వెంటనే వేసేయాలి, శ్రావణం భాద్రపదం ఇందుకు సరైన కాలం. ఇసుక, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపిన ట్రేలో అర అంగుళం లోతులో వేసి తడి ఆరకుండా చూసుకుంటే మూడు నాలుగు వారాల్లో మొలుస్తాయి. మొదటి ఏడాది చాలా నిదానంగా పెరుగుతుంది, అప్పుడే చాలామంది విసుగొచ్చి పీకేస్తారు, పీకకండి, వేరు కింద పని చేసుకుంటూ ఉంటుంది. రెండో వానాకాలానికి నేలలోకి మార్చొచ్చు, మూడో ఏడు నుంచి కాపు మొదలవుతుంది.

గింజ మొక్కలో ఒక ఇబ్బంది ఉంది, తల్లి మొక్క కాయ ఎంత పెద్దదైనా పిల్ల మొక్క కాయ అలాగే ఉంటుందని గ్యారంటీ లేదు. పక్కింటివాళ్ళ వాక్కాయ మీకు నచ్చితే అంటు కట్టుకోండి. వానాకాలంలో పెన్సిల్ మందం కొమ్మకి చుట్టూ అంగుళం మేర బెరడు తీసేసి, వేరు వచ్చే పొడి కొంచెం రాసి, తడిపిన నాచు గానీ కొబ్బరి పీచు పొట్టు గానీ చుట్టి ప్లాస్టిక్ కవర్ కట్టేస్తే రెండు మూడు నెలల్లో వేర్లు కనిపిస్తాయి. అంత శ్రమ ఎందుకు అనుకుంటే నేలకి దగ్గరగా ఉన్న కొమ్మని వంచి, కొంచెం గీరి, మట్టి కప్పి మీద రాయి పెట్టేయండి, అదీ వేరు పడుతుంది, కాకపోతే ఆలస్యం అవుతుంది. ఉత్తినే కొమ్మ విరిచి గుచ్చితే మాత్రం మందారంలా నాటుకోదు, ఎక్కువ శాతం ఎండిపోతాయి.

కొనేవాళ్ళకైతే మాకు దగ్గర్లోనే కడియం, కడియపులంక ఉన్నాయి, దేశం నలుమూలలకీ మొక్కలు పంపే నర్సరీలు. అక్కడికి వెళ్ళినప్పుడు ఊరికే వాక్కాయ ఇవ్వండి అనకుండా రకం అడగండి. ఉత్తరాఖండ్‌లో పంత్‌నగర్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు ఎంపిక చేసిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అని మూడున్నాయి. మనోహర్‌కి తెల్లటి కాయ మీద ముదురు గులాబీ రంగు, సుదర్శన్‌కి తెలుపు మీద లేత గులాబీ, సువర్ణకి ఆకుపచ్చ మీద ముదురు గోధుమ రంగు మెరుపు వస్తుంది, అందం కోసం పెట్టుకునేవాళ్ళకి మొదటి రెండూ చాలా బాగుంటాయి. మహారాష్ట్రలో దాపోలి వ్యవసాయ యూనివర్సిటీ నుంచి వచ్చిన కొంకణ్ బోల్డ్ అనేది కాయ పెద్దది, వంటకి మంచిది. అడిగేవాళ్ళు ఉంటేనే నర్సరీవాళ్ళు తెప్పిస్తారు, అందరూ డురంటా అడిగితే వాళ్ళు డురంటానే పెంచుతారు, వాళ్ళని అనడానికి లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మాకు తెలిసినవాళ్ళకి ఒక నర్సరీలో వాక్కాయ అని చెప్పి వేరే మొక్క ఇచ్చారు, పెంచాక చూస్తే అది నేటల్ ప్లమ్. అది కూడా దీని చుట్టమే, దక్షిణాఫ్రికా మొక్క, పువ్వు పెద్దది, కాయ కూడా పెద్దది ఎర్రగా ఉంటుంది, కుండీలో పెంచుకునే పొట్టి రకాలు ఉన్నాయి, అందానికి అది కూడా బ్రహ్మాండం. కానీ తేడా ఎక్కడంటే మన వాక్కాయని పచ్చిగా కోసి పప్పులో వేసుకుంటాం, నేటల్ ప్లమ్‌ని మాత్రం బాగా ఎర్రగా పండి మెత్తబడ్డాకే తినాలి, పచ్చికాయ తినకూడదు. ఫ్లోరిడా వైపు, కాలిఫోర్నియా సముద్రం ఒడ్డు ఊళ్ళలో దీన్ని ఇళ్ళ ముందు హెడ్జ్‌గా పెంచుతారు, అక్కడున్న మన తెలుగువాళ్ళు చూసి అరె వాక్కాయ అని మురిసిపోయి పచ్చివి కోసేస్తారేమో, మీ పేపర్ నెట్లో వాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. గుర్తు పట్టడానికి ముల్లూ ఆకూ రెండూ చూడండి, నేటల్ ప్లమ్ ముల్లు చివర ఇంగ్లీషు వై అక్షరంలా రెండుగా చీలి ఉంటుంది, కానీ వాక్కాయ ముల్లు కూడా ఒక్కోసారి చీలి ఉంటుంది కాబట్టి ముల్లు ఒక్కటే చూసి నమ్మకండి, నేటల్ ప్లమ్ ఆకు ఇంకా గుండ్రంగా మందంగా ఉంటుంది.

నేల గురించి పెద్దగా దిగులు అక్కర్లేదు. గుంట ఒకటిన్నర రెండు అడుగులు తీసి, పైమట్టిలో మాగిన ఎరువు కలిపి నింపి నాటుకోవడమే. రాళ్ళ నేలైనా ఎర్రనేలైనా సరే, కొంచెం ఉప్పు శాతం ఉన్న నేలని కూడా ఓర్చుకుంటుంది, అందుకే సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళు కూడా ప్రయత్నించొచ్చు. ఓర్చుకోనిది ఒకటే, వేరు దగ్గర నీళ్ళు నిలవడం. నల్లరేగడి నేలైతే ఇసుక కలిపి కొంచెం ఎత్తు చేసి ఆ మిట్ట మీద నాటండి. ఎండ మాత్రం బాగా తగలాలి, నీడలో పెడితే ఆకులు వస్తాయి, పూలు రావు. మొదటి రెండు వేసవులు వారానికి ఒకటి రెండుసార్లు నీళ్ళు పోస్తే చాలు, తర్వాత వానతోనే బతికేస్తుంది, పూతా పిందె సమయంలో ఎండ మరీ ఎక్కువుంటే అప్పుడు పోస్తే కాయ ఊరుతుంది. కంచెకైతే మూడు అడుగులకి ఒక మొక్క, విడిగా పొదలా పెంచాలంటే ఆరేడు అడుగులు వదలాలి, వదిలేస్తే పది అడుగులు దాటి కూడా పెరుగుతుంది. డాబా మీద పెంచేవాళ్ళు పెద్ద డ్రమ్ము సగానికి కోసి అందులో పెట్టుకోవచ్చు, కింద బెజ్జాలు మాత్రం ఎక్కువ పెట్టండి. చీడలు తక్కువే. పిండినల్లి కనిపిస్తే నీళ్ళు గట్టిగా కొట్టి కడిగేసి వేపనూనె కొట్టండి. గన్నేరు ఆకులు తినే పెద్ద ఆకుపచ్చ గొంగళిపురుగు ఒక్కోసారి దీని మీదకీ వస్తుంది, చేత్తో ఏరేస్తే సరి.

అందరూ పొరపాటు పడేది కత్తిరించడంలో. డురంటా అలవాటుతో నెలనెలా కత్తెర పెట్టి గోడలా నున్నగా కోసేస్తున్నారు, తర్వాత మా వాక్కాయ పూయట్లేదండి, నపుంసక మొక్కేమోనండి అని అడుగుతున్నారు. పువ్వు గుత్తి వచ్చేదే కొమ్మ చివర్న. చివర్లు అన్నీ కోసేస్తే ఇంక పువ్వెక్కడ పూస్తుంది, కాయెక్కడ కాస్తుంది! కాపు మొత్తం అయిపోయాక, అంటే భాద్రపదం ఆశ్వయుజం ప్రాంతంలో, ఏడాదికి ఒక్కసారి బాగా కత్తిరించి ఆకారం తెచ్చి వదిలేయాలి, అప్పటి నుంచి వచ్చే కొత్త కొమ్మలు మాఘానికి పూతకి సిద్ధం అవుతాయి. మధ్యలో దారికి అడ్డం వచ్చిన కొమ్మ ఏదైనా ఉంటే అదొక్కటి తీసేయండి. బాక్సులా స్కేలు పెట్టి గీసినట్టే ఉండాలి అనుకునేవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు, నా లెక్కలో మాత్రం కొంచెం గుబురుగా, పూలతో కాయలతో ఉన్న కంచే అందం.

ఇక ముళ్ళు. ప్రతి ఒక్కరూ దీని గురించే వెనకాడతారు. మేమున్న కాలనీ పార్కులో ఒక వైపు పాతకాలం వాక్కాయ కంచె ఉండేది, పిల్లలకి గుచ్చుకుంటాయని ఎవరో కంప్లైంట్ ఇస్తే మొత్తం జేసీబీతో పెరికించేశారు, ఆ చోట ఇప్పుడు ఇనప జాలీ ఉంది, అది కూడా తుప్పు పట్టి విరిగి మొనలు తేలింది, దానికి ఎవరూ కంప్లైంట్ ఇవ్వరు. ముళ్ళు ఉన్నాయి, నిజమే, గట్టిగా రెండు అంగుళాల దాకా కూడా ఉంటాయి. ఆ ముళ్ళ కోసమే కదండి రైతులు పొలం గట్టున పెట్టింది, మేకలు దూరవు, పశువులు దూరవు, పందులు దూరవు, దొంగ కూడా ఆలోచిస్తాడు. మనం చేయాల్సింది ఏంటంటే చోటు చూసి నాటడం. గేటు పక్కన, పిల్లలు సైకిల్ తొక్కే దారి పక్కన, తులసి కోట దగ్గర పెట్టకండి. ప్రహరీ లోపలి వైపున, నడిచే దారికి మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టండి. కత్తిరించిన కొమ్మలు రోడ్డు మీద అస్సలు వదలొద్దు, టైర్లు పంక్చర్ అవుతాయి, చెప్పుల్లోంచి కూడా దిగుతాయి, ఒక మూల పోగేసి ఎండాక కాల్చేయండి, లేదంటే కొత్తగా పెట్టిన కూరగాయ పాదుల చుట్టూ పేర్చండి, కోళ్ళు కుక్కలు రాకుండా పనికొస్తాయి. పాములు చేరతాయని ఇంకో భయం. ఏ గుబురు పొద కింద అయినా చెత్త పేరుకుంటే చేరతాయి, కింద మోకాలెత్తు దాకా కొమ్మలు తీసేసి, రాలిన ఆకు ఊడ్చేస్తుంటే నేల కనిపిస్తుంది, ఆ భయం ఉండదు. కాయలు కోసేటప్పుడు చేతికి మందం గ్లోవ్స్ వేసుకుని చిన్న కత్తెరతో తొడిమ దగ్గర కట్ చేయండి, లాగితే కొమ్మ తిరిగొచ్చి కొడుతుంది.

వంట గురించి రాయకపోతే మా ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. వాక్కాయ వచ్చే కాలం చూడండి ఎంత సరిగ్గా ఉంటుందో, మామిడికాయ అయిపోయాక, కొత్త చింతకాయ ఇంకా రాకముందు, ఆ మధ్యన పులుపు కోసం వెతుక్కునే వానాకాలంలో వస్తుంది. రైతుబజార్లో ఆ నెలల్లో గోంగూర కట్టల పక్కనే కుప్పలు పోసి అమ్ముతారు, ఇంట్లో మొక్క ఉంటే ఆ కొనే పని కూడా లేదు, ఒక్క పెద్ద పొద చాలు ఇంటికి సరిపోయి వీధిలో పంచేంత కాస్తుంది. కోసే ముందు కత్తిపీటకి కొంచెం నూనె రాసుకుంటే పాలు అంటుకోవు, కాయని రెండు చెక్కలు చేసి గింజలు తీసేసి ఉప్పునీళ్ళలో వేసుకోవాలి, గింజలు ఉంటే పప్పు వగరొస్తుంది. కందిపప్పు విడిగా ఉడికించుకుని, వాక్కాయ చెక్కలు పచ్చిమిర్చి నూనెలో మగ్గించి కలిపి, వెల్లుల్లి ఇంగువ తాలింపు పెడితే అంతే, చింతపండు చుక్క కూడా వేయకూడదు, వేస్తే దాని రుచి పోతుంది. పులిహోరకి తురిమో ముద్దగా నూరో వాడతారు, రోటి పచ్చడి, ఎండబెట్టి నిలవ పచ్చడి, మా వైపు పచ్చిరొయ్యల్లో వేసి వండే కూర, ఆ కూర తిన్నవాళ్ళు మళ్ళీ రొయ్యల్లో టమాటా వేయరు. ఎక్కువ కాసినప్పుడు చెక్కలు చేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే సంక్రాంతి దాకా పనికొస్తాయి. పూర్తిగా పండినవి పిల్లలు ఉప్పు అద్దుకుని తింటారు, పులుపు తీపి కలిసి ఉంటుంది.

ఇంకో సంగతి, బేకరీలో బన్ను మీద, కేకు మీద ఎర్రగా ఒక పండు పెడతారు చూడండి, చెర్రీ అంటారు, మన దగ్గర అమ్మే వాటిలో చాలావరకు వాక్కాయలే, గింజ తీసి పంచదార పాకంలో ఊరబెట్టి ఎర్ర రంగు వేసినవి. పిల్లలు ఇష్టంగా ఏరుకుని తినే ఆ పండు కాసే మొక్కని అదే పిల్లల కోసం పార్కులోంచి పీకించాం. ఇంట్లో ఆ రంగు లేకుండా కూడా చేసుకోవచ్చు, ఈ కాయలో పెక్టిన్ బాగా ఉంటుంది కాబట్టి జెల్లీ దానంతట అదే గడ్డకడుతుంది, సగం పచ్చివి సగం ఎర్రవి కలిపి ఉడికించి వడకట్టి పంచదార వేసి కాచితే రంగు కూడా సహజంగానే వస్తుంది. వాట్సాప్‌లో వాక్కాయ తింటే ఆ జబ్బు పోతుంది ఈ జబ్బు పోతుంది అని తిరుగుతుంటాయి, వాటి జోలికి నేను వెళ్ళను, రుచి కోసం తింటాం, అది చాలు.

మనం కోయకుండా వదిలేసిన పండ్ల మీద పికిలిపిట్టలు, గోరింకలు వాలతాయి. ముళ్ళ మధ్యన గూడు పెడితే పిల్లి చెయ్యి పెట్టలేదు కాబట్టి చిన్న పిట్టలకి ఇంతకంటే క్షేమమైన చోటు ఊళ్ళో దొరకదు. ఈ మధ్య పిచ్చుకలు లేవు పిట్టలు లేవు అని మీ పేపర్లోనే బాధపడుతూ రాస్తున్నారు, పిట్టకి తిండీ గూడూ రెండూ ఇచ్చే మొక్కలు తీసేసి రెండూ ఇవ్వని మొక్కలు నాటితే ఎలా వస్తాయండి.

రాయలసీమ, తెలంగాణ పాఠకులు చాలామందికి దీని అడవి చుట్టం బాగా తెలిసే ఉంటుంది, కలివి కాయలు, కలే పండ్లు అని అంటారు కదా, చిన్నవి, నల్లగా పండుతాయి, గుట్టల మీద పొదల్లో పిల్లలు జేబుల నిండా ఏరుకొచ్చేవాళ్ళు. కడప జిల్లా లంకమల అడవుల్లో ఉండే కలివికోడి ఇలాంటి కలివి, రేగు, తుమ్మ పొదలున్న చిట్టడవిలోనే తిరుగుతుంది. ఆ పిట్ట ఇక లేదనుకున్నాక 1986లో మళ్ళీ కనిపిస్తే ప్రపంచమంతా మాట్లాడుకున్నారు, దాని కోసం అభయారణ్యం కూడా పెట్టారు. ఇంటి పెరట్లో వాక్కాయ పెడితే కలివికోడి వస్తుందని చెప్పట్లేదు, ముళ్ళపొద అనగానే పనికిరానిది, నరికేయాలి అనే ఆలోచన పోవాలని చెప్తున్నాను.

1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ గారు వనమహోత్సవం మొదలుపెట్టారు, ఇప్పటికీ ప్రతి జూలైలో రెండు రాష్ట్రాల్లోనూ నాయకులు, అధికారులు, స్కూలు పిల్లలు మొక్కలు నాటుతూనే ఉన్నారు, ఫోటోలు మీరు వేస్తూనే ఉన్నారు. ఆ మొక్కల్లో వాక్కాయ ఎన్ని ఉంటున్నాయో ఒకసారి మీ విలేకర్లని కనుక్కోమనండి. శ్మశానాల ప్రహరీలు, చెరువు గట్లు, స్కూళ్ళ వెనక వైపు, డంపింగ్ యార్డుల చుట్టూ, సర్కారు స్థలాల హద్దులు, ఇవన్నీ వాక్కాయకి సరిపోయే చోట్లే, ఇనప కంచె ఖర్చు తగ్గుతుంది, కబ్జా చేసేవాడికి కూడా పెరిగిన ముళ్ళకంచె పీకడం అంత తేలిక కాదు. పైగా కాసిన కాయలు ఆ ఊరి ఆడవాళ్ళ సంఘాలకి ఇస్తే పచ్చళ్ళు పెట్టి అమ్ముకుంటారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్ళకి కూడా ఇదే చెప్తున్నాను, వెనక గోడ పొడుగునా ఒక్క వరస పెట్టి చూడండి, మూడేళ్ళు ఓపిక పట్టండి.

ఎడిటర్ గారూ, నా విన్నపం ఒక్కటే. వచ్చే జూన్‌లో, తొలకరి పడే వారంలో, మళ్ళీ ఆ ఆదివారం పేజీ వేయండి, ఈసారి వాక్కాయ, దానిమ్మ, కరివేపాకు, ఉసిరి లాంటి మన కాపు మొక్కల్ని అందం మొక్కలుగా చూపిస్తూ వేయండి. కాయలు రంగు తిరిగిన వాక్కాయ పొద ఫోటో పెద్దగా వేయండి, ఉద్యానశాఖ నర్సరీల్లో ఏ రకాలు దొరుకుతున్నాయో అధికారుల్ని అడిగి రాయండి, దొరక్కపోతే ఎందుకు దొరకట్లేదో కూడా రాయండి. శ్రావణంలో పండిన కాయలు మా దగ్గర చాలా ఉంటాయి, మీ ఆఫీసుకి ఒక సంచీడు పంపుతాను, గింజలు వెంటనే వేసుకునేవాళ్ళకి పంచిపెట్టండి, ఆలస్యం చేస్తే మాత్రం మొలిచేవి తగ్గిపోతాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజమహేంద్రవరం